రోగంతో పాటు రంది: దవాఖాన వైద్యం నడుస్తున్నప్పుడు మనసును ఎట్లా చూసుకోవాలి?

ఓపీ గదిలో డాక్టరు షుగరు చూస్తాడు, బీపీ చూస్తాడు, రిపోర్టులు తిరగేస్తాడు. రోగి నొప్పి గురించో వాపు గురించో చెప్తాడు. రాత్రి మూడింటికి మెలకువ వచ్చి తెల్లారేదాకా పైకప్పు చూస్తూ పడుకున్న సంగతి మాత్రం ఇద్దరి మాటల్లోనూ రాదు. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో దానికి ఎప్పటినుంచో ఒక పేరుంది: రంది. "రంది పెట్టుకోకు" అని పలకరించ వచ్చినవాళ్లంతా చెప్పిపోతారు. ఎట్లా పెట్టుకోకుండా ఉండాలో చెప్పేవాళ్లే తక్కువ.

డయాలసిస్, కీమో, టీబీ మందులు, గుండెకు వేసిన స్టెంటు, పక్షవాతం, షుగరుతో తీసేసిన కాలివేలు, మర్రిగూడ, మునుగోడు దిక్కు తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్‌తో బిగుసుకుపోయిన నడుము... ఏది తీసుకున్నా వైద్యం నెలల తరబడి సాగుతుంది, కొన్నింటికి జీవితాంతం. అన్నాళ్లూ మనసు కుంగి ఉంటే ముందు దెబ్బతినేది ఆ వైద్యమే. కుంగినవాళ్లు గోలీలు మరుస్తారు, డయాలసిస్ ఒక పూట ఎగ్గొడతారు, సగం అన్నం కంచంలోనే వదిలేస్తారు. అందుకే రందిని జ్వరాన్ని చూసినట్టే చూడాలి. కొలవాలి, కారణం వెతకాలి, డాక్టరుకు చెప్పాలి, తగిన మందో పద్ధతో పట్టాలి. ఆ వరుసలోనే చెప్తున్నాం.

మొదటి పని: ఒక నోటుబుక్కు

పిల్లల బడి నోటుబుక్కు ఒకటి చాలు. రోజూ ఒకే వేళకు, పొద్దున చాయ తాగినంక అనుకోండి, రెండు నిమిషాలు రాయాలి. రాయాల్సినవి ఆరు: వైద్యంలో ఇది ఎన్నో రోజు, ఎన్ని గంటలు నిద్రపోయారు, నొప్పి 10కి ఎంత, తిండి నిండుగానా సగమా, మనసు 10కి ఎంత (10 అంటే మంచిగున్నట్టు), నిన్న చేసిన ఒక పని. పేజీలో ఒక వరుస ఇట్లా ఉంటుంది:

"బుధవారం. డయాలసిస్ తెల్లారి. నిద్ర 4 గంటలు, మూడింటికే మెలకువ. నొప్పి 3. తిండి సగం. మనసు 4. చిక్కుడుకాయలు ఏరిన."

చదువు రానివాళ్లకు ఇంట్లో బడికిపోయే పిల్లలు రాస్తారు. అవ్వ చెప్పడం, మనవరాలు రాయడం అనేది కూడా రోజుకు రెండు నిమిషాల మంచి మాటే అవుతుంది.

వైద్యం ఎన్నో రోజో ఎందుకు రాయాలంటే, శరీరం పడే దెబ్బకు మనసు కూడా ఒక వరుసలో ఊగుతుంది. నాలుగు గంటలు డయాలసిస్ మిషను మీద ఉండి వచ్చిన సాయంత్రం ఎవరికైనా ప్రాణం గుంజినట్టే ఉంటుంది. ఆ పూట మనసుకు 2 వేసుకుని బెంగపడొద్దు, తెల్లారి చూడాలి. చాలా కీమోల్లో మొదటి రెండు మూడు రోజులు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు. అది నడిచినన్ని రోజులు నిద్ర పట్టదు, మాట వేగంగా ఉంటుంది. ఆపిన తర్వాత ఒక్కసారిగా దిగిపోయినట్టు, ఏడుపు వచ్చినట్టు అవుతుంది. రెండు కీమో విడతలు రాసి చూస్తే "ఐదో రోజు నాకు గిట్లనే ఉంటది, ఎనిమిదో రోజుకు లేస్త" అని మీకే తెలుస్తుంది. తెలిసిన బాధ తెలియని బాధంత భయపెట్టదు.

రెండు వారాలు నిండాక రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ రెండు వారాల్లో దేనిమీదా ఆసక్తి, సంతోషం లేకుండా పోయిందా? దిగులుగా, ఆశలేనట్టు ఉంటున్నదా? ఒక్కో ప్రశ్నకు అసలు లేదంటే 0, కొన్ని రోజులంటే 1, సగానికంటే ఎక్కువ రోజులంటే 2, దాదాపు రోజూ అంటే 3. రెండూ కలిపి 3గానీ అంతకు మించిగానీ వస్తే డాక్టరుకు చెప్పాల్సిన సంగతే. డాక్టర్లు వాడే కొలతే ఇది, ఇంట్లో చేసుకుంటే తప్పేం లేదు.

ఒక మెలిక ఉంది. నీరసం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం రోగం వల్లా వస్తాయి, మందుల వల్లా వస్తాయి. వాటిని బట్టే మనసు కుంగిందని తేల్చలేం. తేడా పట్టించేవి వేరే ఉన్నాయి. మనవడు ఎత్తుకొమ్మని వచ్చినా చూడబుద్ధి కాకపోవడం, "నేను ఇంటికి బరువైన" అని పదే పదే అనడం, చేయని తప్పుకు తననే నిందించుకోవడం, ఇష్టమైన మక్కజొన్న కంకి చేతిలో పెట్టినా పక్కన పెట్టేయడం. ఇవి కనబడితే అది ఒట్టి నీరసం కాదు.

రెండో పని: రంది అనుకునే ముందు ఒంట్లో కారణం వెతకడం

ఎక్కువ ఇండ్లలో జారిపోయేది ఈ మెట్టే. రందిలా కనబడేదాంట్లో కొంత ఒంటిది, కొంత మందులది. అది సరిచేస్తే ఏ కౌన్సెలింగూ లేకుండానే మనిషి లేచి కూర్చుంటాడు.

షుగరు గోలీలో ఇన్సులినో వాడేవాళ్లకు ఉన్నట్టుండి గాబరా, చెమటలు, చేతుల వణుకు, గుండె దడ వస్తే అది భయం అనుకోవద్దు. వెంటనే గ్లూకోమీటరుతో చూడాలి. 70కి తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడాలి. ఇంకా తక్కువే ఉంటే మళ్లీ అదే. పెరిగినంక ఏదైనా తినిపించాలి. మీటరు లేకపోతే చూస్తూ కూర్చోకుండా చక్కెర నీళ్లే ముందు. మనిషి తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోన్ చేయాలి. డయాలసిస్ నడుస్తున్న షుగరు మనిషికి బత్తాయి రసం, కొబ్బరినీళ్లు ఇవ్వొద్దు, వాటిలో పొటాషియం ఎక్కువ. నల్లగొండలో ఇంటి వెనకే బత్తాయి తోట ఉండడంతో ఈ తప్పు తేలిగ్గా జరిగిపోతుంది.

థైరాయిడ్ తగ్గినా, రక్తం తగ్గినా, బీ12 తగ్గినా మనిషి మందగిస్తాడు, మాట తగ్గుతుంది, అన్నీ మరుస్తాడు. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏండ్ల తరబడి వాడినవాళ్లలో బీ12 పడిపోవడం మామూలు. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, బీ12, సోడియం: ఈ నాలుగూ ఈ మధ్య చేయించకపోతే చేయించమని అడగండి. ముసలివాళ్లు బీపీకి నీటి గోలీలు (మూత్రం ఎక్కువ పోయించేవి) వాడుతుంటే సోడియం పడిపోయి మత్తుగా, అయోమయంగా ఉంటారు.

ఇక మందులు. ప్రెడ్నిసోలోన్ లాంటి స్టెరాయిడ్ రాత్రి వేసుకుంటే నిద్ర పోతుంది. డాక్టరు వేరేగా చెప్పకపోతే పొద్దున తిన్నాక వేసుకోవాలి. చిరాకు, కోపం, అతి హుషారు దానివల్లే రావచ్చు. అట్లాగని ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణానికే ముప్పు, డాక్టరే మెల్లగా తగ్గించాలి. టీబీలో ఐసోనియాజిడ్ కొందరి మనసు మీద పనిచేస్తుంది. మొండి టీబీకి ఇచ్చే సైక్లోసెరిన్‌తో దిగులు, లేనివి వినబడడం కూడా రావచ్చు. ఈ మందు మొదలైన ఇంట్లో అందరికీ ఆ సంగతి తెలిసి ఉండాలి, కనబడిన రోజే టీబీ సిబ్బందికి చెప్పాలి. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ వల్ల మూత్రం ఎర్రగా నారింజ రంగులో వస్తుంది. అది రక్తం కాదు. ముందుగా ఈ ఒక్క మాట చెప్పనందుకే మొదటి వారంలో గోలీలు మానేసేవాళ్లున్నారు.

పక్షవాతం వచ్చినవాళ్లు ఉన్నట్టుండి ఏడ్వడం, ఆపుకోలేక నవ్వడం మెదడుకు తగిలిన దెబ్బ వల్లా జరుగుతుంది. లోపల అంత దుఃఖం లేకపోవచ్చు. "ఎందుకేడుస్తున్నవ్" అని గుచ్చి అడిగితే మరింత సిగ్గుపడతారు. మాట మార్చితే చాలు, డాక్టరుకు చెప్తే దీనికి మందు కూడా ఉంది.

పాలమూరు దిక్కు మరీ ముఖ్యమైన సంగతి కల్లు. కల్తీ కల్లులో అల్ప్రజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతారు. రోజూ తాగే మనిషి కాలు విరిగో, జ్వరంతోనో దవాఖానలో చేరితే కల్లు ఆగిపోతుంది. రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, నిద్ర లేకపోవడం, మంచం మీద నుంచి లేచి పరుగెత్తడం, లేని మనుషులతో మాట్లాడడం, ఫిట్స్ మొదలవుతాయి. ఇంటివాళ్లు గాలి సోకిందనుకుంటారు, వార్డులోవాళ్లు పిచ్చి అనుకుంటారు. చేర్చే రోజే పరువు పక్కనపెట్టి చెప్పండి: రోజుకు ఎన్ని సీసాలు, ఎన్నేండ్ల నుంచి, ఆఖరుసారి ఎప్పుడు. ఆ మూడు మాటలు ప్రాణం కాపాడతాయి. నిద్రగోలీలు, మార్ఫిన్ వాడుతున్నప్పుడు కల్లు గానీ మద్యం గానీ తాగితే ఊపిరే మందగిస్తుంది.

కొన్ని గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో మనిషి మారిపోయి, సాయంత్రమైతే ఎక్కువై, పొద్దున కాస్త తగ్గి, సొంత కొడుకును కూడా గుర్తుపట్టకుండా ఉంటే అది రంది కానే కాదు. ఇన్‌ఫెక్షన్, మూత్రం బిగుసుకోవడం, సోడియం పడిపోవడం, తప్పిన డయాలసిస్, కొత్త మందు... వీటిలో ఏదో ఒకటి మెదడును తాకింది. ఆ రోజే దవాఖానకు తీసుకపోవాలి. అక్కడ మంచానికి కట్టేయకుండా, కండ్లద్దాలు పెట్టి, దీపం ఉంచి, తెలిసిన మనిషి ఒక్కరే పక్కన కూర్చొని "నాయినా, ఇది దవాఖాన, ఇయ్యాల శుక్రవారం, నేను నీ బిడ్డను" అని నెమ్మదిగా చెప్తుంటే సగం అల్లరి తగ్గుతుంది.

మూడో పని: డాక్టరుకు చెప్పడం

పెద్దాసుపత్రి ఓపీలో మీకు దొరికేది రెండు మూడు నిమిషాలు. "మంచిగ ఉంటలేదు సార్" అంటే బలం గోలీ రాసి పంపేస్తారు. అందుకే నాలుగు వాక్యాలు ముందే రాసుకుని పోవాలి. ఎప్పటినుంచి, రోజూనా అప్పుడప్పుడా, దానివల్ల ఏ పని ఆగింది, వైద్యంలో ఏం తప్పింది. ఇట్లా: "సార్, డయాలసిస్ మొదలై రెండు నెలలు. మూడు వారాల సంది రోజూ మూడింటికే మెలకువొస్తుంది. ఎవ్వరితోని మాట్లాడబుద్ధైతలేదు. పోయిన వారం ఒక డయాలసిస్‌కు రాలే." ఆఖరి వాక్యం పలికిన తర్వాత ఏ డాక్టరూ తల ఎత్తకుండా ఉండడు. ఈ మాటలు మొదటే చెప్పాలి. చీటీ రాయడం అయిపోయి లేచేటప్పుడు గుమ్మం దగ్గర చెప్తే వినబడవు.

వెంట వచ్చినవాళ్లు రోగి పక్కనే ఉండి అన్నీ తామే చెప్పేస్తారు. రోగికి ఒక నిమిషం విడిగా మాట్లాడే వీలివ్వండి. భర్త ముందర భార్య చెప్పని మాటలుంటాయి, కొడుకు ముందర తండ్రి చెప్పని మాటలు ఇంకా ఎక్కువుంటాయి.

నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట, నాగర్‌కర్నూల్, వనపర్తిలో ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. వాటి కింద నడిచే పెద్దాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఎక్కడని ఓపీ చీటీ రాసేచోట అడగండి. పొద్దున్నే పోవాలి. మీరు వాడే ప్రతి గోలీ, ఆయుర్వేదం, పసరు మందుతో సహా, ఒక సంచిలో వేసుకుని పోవాలి. బీబీనగర్ ఎయిమ్స్ దగ్గరైనవాళ్లు అక్కడికి పోవచ్చు. క్యాన్సర్ వైద్యానికి హైదరాబాద్ ఎంఎన్‌జేకో, నిమ్స్‌కో పోతున్నవాళ్లు నొప్పి, మనసు రెండింటి గురించి అక్కడే పాలియేటివ్ కేర్ వాళ్లను అడగాలి. పాలియేటివ్ అంటే చావుకు పంపడం అని అపోహ ఉంది. వైద్యం నడుస్తుండగానే నొప్పి, వాంతులు, నిద్ర, భయం చూసుకునే విభాగం అది. నొప్పి 10కి 7 ఉన్న మనిషికి ధైర్యం చెప్పి లాభం లేదు. ముందు నొప్పి తగ్గాలి. డాక్టరు చెప్పిన లెక్కలో క్యాన్సర్ నొప్పికి వాడే మార్ఫిన్ మనిషిని బానిసను చేయడం అరుదు. మలబద్ధకం మాత్రం తప్పకుండా చేస్తుంది, కాబట్టి విరేచనం మందు దానితోపాటే మొదటి రోజు నుంచీ అడిగి తీసుకోండి.

ఫ్లోరోసిస్ వాళ్లకూ ఇదే మాట. ఎముకకు పట్టిన తర్వాత వెనక్కిపోయే రోగం కాదది. మంచి నీళ్లు తాగితే ముదరడం తగ్గుతుంది, ఉన్న నొప్పికి వైద్యం విడిగా కావాలి. "ఇగ తగ్గదు" అన్న మాట విని దవాఖానకే పోవడం మానేసినవాళ్ల నొప్పి, నిద్ర, మనసు మూడూ కలిసే దిగజారుతాయి.

దవాఖాన దాకా పోలేని రోజు 14416కి ఫోన్ చేయవచ్చు. టెలిమానస్ పేరుతో 2022 అక్టోబర్ 10న మొదలైన ప్రభుత్వ సేవ ఇది. ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఇంటివాళ్లు కూడా చేయవచ్చు.

నాలుగో పని: రోజును మూడు ముక్కలుగా నిలబెట్టడం

మంచంలో పడుకునే కొద్దీ పడుకోబుద్ధి అవుతుంది. మనసు కుదిరినంక లేద్దామని చూస్తే ఆ రోజు రాదు. పని ముందు, మనసు వెనక. రోజుకు మూడు చిన్నవి పెట్టుకోవాలి: చేతికొక పని, ఒక మనిషితో మాట, మనసుకు నచ్చేది ఒకటి. బియ్యంలో రాళ్లు ఏరడం, వెల్లుల్లి ఒలవడం, కోళ్లకు గింజలు వేయడం, గద్వాల, నారాయణపేట మగ్గం ఇండ్లలో కండెలు చుట్టడం. కూర్చుని పది నిమిషాల్లో అయ్యే పనులే తీసుకోండి. పొద్దుగూకే వేళ అరుగు మీద కూర్చుని దారినపోయేవాళ్లతో నాలుగు మాటలు.

ఇక్కడ జరిగే తప్పు ఒకటుంది. ఒక రోజు ఒళ్లు తేలిగ్గా అనిపించగానే పొలం దాకా నడిచి, చేను చూసి, నీళ్లు పారించి వస్తారు. తర్వాత రెండు రోజులు లేవరు. "ఇగ నాతోని కాదు" అని మనసు అప్పుడే విరుగుతుంది. మంచిగున్న రోజు చేయగలిగినదాంట్లో సగమే చేయాలి, మంచిగ లేని రోజు కూడా కొంచెం చేయాలి. డాక్టరు నడవమన్నవాళ్లు ఐదు నిమిషాలతో మొదలుపెట్టి, మూడు నాలుగు రోజులకొకసారి రెండు నిమిషాలు పెంచుకుంటూ పోతే సరిపోతుంది.

నిద్రకు కొన్ని లెక్కలు. ఎప్పుడు పడుకున్నా లేచే వేళ మారొద్దు. పగటి కునుకు అరగంట, అదీ మూడింటిలోపే. సాయంత్రం చాయ బంద్. వాపుకు ఇచ్చే నీటి గోలీ రాత్రి వేసుకుంటే మూత్రానికి లేవడంతోనే తెల్లారుతుంది, పొద్దటికి మార్చవచ్చేమో డాక్టరును అడగాలి. ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే లేచి వేరేచోట కూర్చోవాలి, కండ్లు మూతలు పడ్డాకే మంచం. ఫోన్‌లో రోగం వీడియోలు రాత్రి చూడొద్దు. డయాలసిస్ కుర్చీలో నాలుగు గంటలు కూడా అంతే. ముందే ఫోన్‌లో ఎక్కించుకున్న హరికథలో, పాటలో, కామెంటరీనో ఇయర్‌ఫోన్‌లో వినండి.

ఆలోచనలు ఆగకపోతే వాటికే ఒక వేళ పెట్టండి. సాయంత్రం ఐదింటికి ఇరవై నిమిషాలు, నోటుబుక్కు వెనక పేజీల్లో. వచ్చిన ప్రతి దిగులునూ మూడింటిలో ఒక గడిలో రాయాలి: డాక్టరును అడగాల్సింది, పైసలది, జవాబు లేనిది. రాత్రి అదే ఆలోచన వస్తే "రేపు ఐదింటికి" అని మనసుకు చెప్పుకోవాలి. మొదట్లో కృతకంగా ఉంటుంది, వారం పది రోజులకు పనిచేస్తుంది. మొదటి రెండు గడుల్లో ఉన్నవి తగ్గుతూ పోతాయి. మూడో గడిలోవాటికి ఎవరితోనైనా చెప్పుకోవడమే మందు.

గాబరా వచ్చినప్పుడు నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో గాలి తీసుకుని, ఆరు లెక్కపెడుతూ మెల్లగా వదలాలి, ఐదు నిమిషాలు. గుండె జబ్బున్నవాళ్లకు హెచ్చరిక: ఛాతీలో నొప్పి లేదా బరువు, చెమట, ఎడమ చేతికో దవడకో పాకడం ఉంటే అది గాబరా అని తేల్చుకోవడం మీ పని కాదు. ముందు 108, ఊపిరి లెక్క తర్వాత.

పైసల రంది ఈ పద్ధతులకు లొంగదు. అప్పు, మిత్తి ఎంతో కచ్చితంగా కాగితం మీద పెట్టాలి. మనసులో ఉన్న అంకె ఎప్పుడూ అసలుకంటే పెద్దగా కనబడుతుంది. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షల రూపాయలకు పెరిగింది. ఆపరేషనుకు అప్పు తేవడానికి ముందే ఆ దవాఖానలో ఆరోగ్యశ్రీ సంగతులు చూసే ఆరోగ్యమిత్రను కలిసి మీ వైద్యం అందులో ఉందో లేదో అడగండి. టీబీ రోగులకు పోషణ కింద నెలకు 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడాలి, పడకపోతే టీబీ సిబ్బందిని అడగండి. సీఎం సహాయనిధికి పెట్టాలంటే ఒరిజినల్ బిల్లులు కావాలి, ఒక్కటి కూడా పారేయొద్దు.

ఐదో పని: మనసుకు గోలీలు రాస్తే

రెండు వారాలకు కొంచెం, నాలుగు నుంచి ఆరు వారాలకు సరిగ్గా పనిచేస్తాయి. పది రోజులు వాడి "ఏం లాభం లేదు" అని ఆపేయడమే అన్నింటికంటే ఎక్కువగా జరిగే తప్పు. మొదటి వారం వికారం, కడుపు జారడం, కొంచెం అలజడి ఉండవచ్చు. అన్నం తిన్నాక వేసుకుంటే తగ్గుతుంది. అలజడి మరీ ఎక్కువైతే డాక్టరుకు ఫోన్ చేయాలి. మంచిగైన తర్వాత కూడా ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడించి, మెల్లగా తగ్గిస్తారు. ఇవి మత్తుమందులు కావు, అలవాటు పడేవి అల్ప్రజోలం లాంటి నిద్రగోలీలు. అవి మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే మందు కాదు.

మానసిక వైద్యుడికి మీ రోగం, మీ మందులు చెప్పకపోతే తంటా వస్తుంది. సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ జాతి గోలీలు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్‌తో కలిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. మానేయమని కాదు, నల్లటి విరేచనం కనబడితే ఊరుకోవద్దని. రొమ్ము క్యాన్సర్‌కు టమోక్సిఫెన్ వాడేవాళ్లకు ఫ్లూఓక్సెటిన్, పారోక్సెటిన్ పనికిరావు, టమోక్సిఫెన్ బలాన్నే తగ్గిస్తాయి. మొండి టీబీకి లినెజోలిడ్ నడుస్తుంటే ఈ గోలీలు కలపడం ప్రమాదం. నరాల నొప్పికి, నిద్రకు ఇచ్చే అమిట్రిప్టిలిన్ గుండె లయ బాగాలేనివాళ్లకు, ప్రోస్టేట్ వాపున్నవాళ్లకు సరిపడకపోవచ్చు.

ఆరో పని: ఇంటివాళ్ల వంతు

రోగికి క్యాన్సర్ అని చెప్పకుండా దాచడం మన దగ్గర ప్రేమ కింద లెక్క. రోగి మాత్రం వెంట్రుకలు రాలిన రోజే గ్రహిస్తాడు. అప్పటినుంచి ఇంట్లో అందరూ నటిస్తుంటే తన భయం చెప్పుకునే మనిషి ఒక్కరూ ఉండరు. బలవంతంగా చెప్పమని మా మాట కాదు. అడగండి: "అమ్మా, డాక్టరు చెప్పిందంతా నీకు చెప్పమంటవా, మేమే చూసుకోమంటవా?" ఏది కోరితే అది. కోరినంతే, కోరినప్పుడే.

"ధైర్యంగుండు" అనే మాట తలుపు మూసేస్తుంది. "ఏది ఎక్కువ గుబులైతుంది?" అంటే తెరుచుకుంటుంది. తర్వాత జవాబు చెప్పకుండా వినడమే కష్టం. పరామర్శకు వచ్చి "మా బావకూ గిట్లనే అయ్యింది, ఆర్నెల్లు కూడా ఉండలే" అని చెప్పేవాళ్లను ఆపే బాధ్యత వాకిట్లో కూర్చున్న పెద్దమనిషిదే. పరామర్శ పది నిమిషాలే, అదీ రోగి వద్దనని రోజు.

బొంబాయిలో, పుణెలో, హైదరాబాద్‌లో పనికిపోయిన కొడుకులున్న ఇండ్లు పాలమూరులో ఎన్నో. ఫోన్‌కు ఒక వేళ పెట్టుకోండి, ఆ వేళ తప్పొద్దు. "ఎట్లున్నవ్ నాయినా" అంటే "మంచిగనే ఉన్న" అనే జవాబు. రాత్రి ఎన్నింటికి లేచినవ్, పొద్దున ఏం తిన్నవ్, ఇయ్యాల ఎవరు వచ్చిండ్రు అని అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది.

సేవ చేసే మనిషి చాలా ఇండ్లలో ఒక్క ఆడమనిషే: కోడలో, భార్యో, పెండ్లి కావాల్సిన బిడ్డో. ఆమె బీపీ గోలీ మరిచిపోయేది, సగం నిద్రపోయేది, అందరి కోపం పడేదీ ఆమెనే. వారానికి ఒక పూట ఇంకొకరు వచ్చి కూర్చోవాలి, ఎవరు ఏ వారమో గోడ మీది క్యాలెండర్‌లో రాయాలి. రాయని వంతు ఎవరిదీ కాదు. పైన చెప్పిన రెండు ప్రశ్నలు ఆమెను కూడా అడగండి.

గట్టుకు పోవాలన్నా, దర్గాకు పోవాలన్నా

చెర్వుగట్టు శివుడి గుట్ట మీద రాత్రి నిద్ర చేయాలని, జాన్‌పహాడ్ దర్గాకు పోవాలని, మన్యంకొండ మొక్కు తీర్చాలని రోగి అడిగితే కాదనవద్దు. నమ్మకం మనసుకు పెద్ద ఆసరా. డయాలసిస్ రోజు చూసుకుని పోవాలి, గోలీలు సంచిలో ఉండాలి, గుండె రోగి మెట్లెక్కకుండా బండి పోయే దారిన పోవాలి, ఇన్సులిన్ వేసుకునే మనిషి ఉపవాసం గానీ రంజాన్ రోజా గానీ ఉండాలంటే డాక్టరును ముందే అడగాలి. అక్కడ ఎవరైనా "మందులు బంద్ పెట్టు" అంటే ఆ ఒక్క మాట వినొద్దు.

చనిపోతానన్న మాట వస్తే

"నేను పోతేనే మీకు బాగుంటది", "ఇగ గోలీలు వద్దు", ఉన్నట్టుండి పట్టా కాగితాలు కొడుకు చేతిలో పెట్టడం. ఇవి వినబడితే, కనబడితే సూటిగా అడగాలి: "చచ్చిపోవాలనిపిస్తున్నదా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగితే బరువు దిగుతుంది. అవునంటే ఒంటరిగా వదలొద్దు. వ్యవసాయం ఇంట్లో ఆ క్షణమే చేయాల్సింది పురుగుమందు, గడ్డిమందు డబ్బాలు ఇంట్లోంచి తీసేయడం. ఊళ్లో ఇంకొకరింట్లో తాళం వేసి పెట్టించండి. రోగి గోలీలు ఏ రోజువి ఆ రోజే చేతికివ్వాలి. తెగింపు ఆలోచన తరచు ఒక కెరటంలా వచ్చి పోతుంది, ఆ కాసేపు చేతికి అందనిది ప్రాణాన్ని నిలబెడుతుంది. 14416కి ఫోన్ చేయండి, అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకపోండి.

ఏదైనా తాగేసి ఉంటే, కొంచెమే అన్నా సరే, బాగానే ఉన్నా సరే, 108. వాంతి చేయించొద్దు, డబ్బా వెంట తీసుకపోవాలి. కేసు అవుతుందని దాచొద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యాయత్నం చేసిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలి, శిక్షించకూడదు, వైద్యం అందించే బాధ్యత ప్రభుత్వానిది.

వైద్యం అయిపోయాక

ఆరు నెలల టీబీ మందులు పూర్తయిన రోజు, ఆఖరి కీమో అయిన రోజు ఇంట్లో పండుగలా ఉంటుంది. రోగికి మాత్రం అప్పుడే భయం ఎక్కువ కావచ్చు. ఇన్నాళ్లూ నెలనెలా ఎవరో చూసేవారు, ఇప్పుడు ఎవరూ చూడరు. చిన్న దగ్గు వచ్చినా మళ్లీ వచ్చిందేమో అనిపిస్తుంది. ఏ లక్షణాలు ఎన్ని రోజులుంటే రావాలో ఆఖరి రోజే డాక్టరుతో రాయించుకోండి. ఆ కాగితంలో లేని దగ్గుకు రెండు వారాలు ఆగవచ్చా అని కూడా అడిగి రాసుకోండి. స్కానింగ్ తేదీకి ముందు వారం నిద్ర పట్టదని ముందే అనుకుని, ఆ వారంలో పెద్ద పనులు పెట్టుకోకండి, రిపోర్టు రోజు ఒక్కరే పోకండి. మనసు గోలీలు ఒంటి మందులతో పాటే ఆపేయవద్దు, వాటి ఆఖరి తేదీ వేరే. నోటుబుక్కులో ఆ తేదీ పక్కన మానసిక డాక్టరును మళ్లీ కలిసే రోజు కూడా రాసి పెట్టుకోండి.